మాయ సంగతి వింతల శీర్షికలోనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం, కడుపులో బిడ్డను పోషించి కాన్పు తర్వాత బయటపడే మాయ (ప్లసెంటా) ఆకారాన్ని గణితంతో లెక్కగట్టే పరిశోధన గురించి వేశారు. సంతోషమే. కానీ దాన్ని తీసుకెళ్లి వింతల శీర్షికలో, రెండు తలల దూడ పక్కన పెట్టారు. ఉద్యోగమంతా లేబర్ రూముల్లోనే చేసినదాన్ని, మనసు చివుక్కుమంది. ప్రతి కాన్పుకీ సంబంధించిన విషయం వింత ఎలా అవుతుంది?

నెలలు నిండిన మాయ మామూలుగా అర కిలో, 22 సెంటీమీటర్ల వెడల్పు, జొన్నరొట్టెలా గుండ్రంగా ఉంటుంది. కొన్ని మాత్రం రెండు ముక్కలుగానో, అంచులు ఎటుపడితే అటు సాగిపోయో వస్తాయి. ఎందుకలా అని 2008లో గణితవేత్త యాంపోల్‌స్కీ, వైద్యురాలు సలాఫియా బృందం మాయలో రక్తనాళాలు కొమ్మలు వేసే తీరును కంప్యూటర్‌లో పెంచి చూసింది. ఆ తీరు కాస్త మారినా మాయ గుండ్రం తప్పుతుందని తేలింది. అలా గుండ్రం తప్పిన మాయ, బరువు అంతే ఉన్నా, సగటున బిడ్డను అంత బాగా పెంచలేదు.

మన దగ్గర మాయ పూర్తిగా పడిందా లేదా అని చూస్తాం, ముక్క మిగిలితే రక్తస్రావం కనుక. ఆ తర్వాత ఆస్పత్రి వ్యర్థాలు వేసే పసుపు కవర్లోకే. నేను చేసిన చోట్ల దాన్ని తూచి, కొలిచి రాయడం చూడలేదు. బిడ్డను తూచే కాటా పక్కనే ఉంటుంది. అడిగితే "కేస్ షీట్‌లో ఆ కాలమ్ లేదు సిస్టర్" అన్నారు. బిడ్డ బరువు తక్కువైతే మాత్రం "సరిగ్గా తినలేదా?" అని అత్తగారి ముందే బాలింతను నిలదీస్తారు. మాయ చూడకుండా తప్పు తల్లిదని ఎలా తేల్చారు?

అధికారుల సమీక్షల్లో నార్మల్ ఎన్ని, ఆపరేషన్లు ఎన్ని, ట్యాబ్‌లో ఎంట్రీ అయిందా, ఇంతే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే అని తేలాక ఆ ప్రశ్న అడగాల్సిందే. అదొక్కటే అడిగితే ఎలా?

మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఒక్క ఏడాది పుట్టిన బిడ్డల మాయలన్నీ తూచి, ఫొటోలు తీసి పెట్టడం ఆ విద్యార్థులకు కష్టమా? ఈ వార్తను ఆరోగ్యం పేజీలో మళ్లీ వేయండి. బరువు, పొడవు, వెడల్పు, బొడ్డుతాడు ఎక్కడ అతుక్కుంది అని కేస్ షీట్‌లో నాలుగు గళ్లు ఎందుకు పెట్టరో జిల్లా వైద్యాధికారులను అడిగి, వాళ్ల జవాబు కూడా అచ్చేయండి.

— విశ్రాంత స్టాఫ్ నర్సు, దేవరకొండ