కేకు కోయడమేనా క్రైస్తవం?

సంపాదకులకు నమస్కారములు.

గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన క్రిస్మస్ వేడుకల వార్త చూసినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ లేఖ రాస్తున్నాను. సగం పేజీ ఫొటోలే. ప్రతి ఫొటోలోనూ ఒక కేకు, దాని చుట్టూ నాయకులు, వారి వెనుక ఫొటోలో పడాలని తోసుకుంటున్న మా చర్చి సంఘ పెద్దలు. ఈ జిల్లా క్రైస్తవుల గురించి చెప్పడానికి ఇంతకు మించి ఏమీ లేదా?

అదే వారం మా సంఘం ఆడవాళ్లు ఎప్పటిలాగే శుక్రవారం ఒక ప్రభుత్వ ఆసుపత్రి గేటు దగ్గర రోగుల సహాయకులకు అన్నం పెట్టారు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఆ మనుషులు అట్టపెట్టెలు చింపి మెట్ల పక్కన పరుచుకొని పడుకుంటారు. లోపల తమవాళ్లు ఎట్లున్నారో చెప్పే దిక్కు ఉండదు. స్టీలు క్యాన్లలో తెచ్చిన అన్నం, పప్పుచారు వడ్డించాక, మావాళ్లలో చదువుకున్న ఇద్దరు ముగ్గురు అక్కడే కూర్చొని చీటీలు చదివి ఏ పరీక్షకు ఏ గదికి వెళ్లాలో చెబుతారు. ఎవరిది ఏ మతమని అడగరు, చేతిలో కరపత్రం పెట్టరు. అన్నం పెట్టి ప్రార్థనకు రమ్మంటే అది బేరమవుతుందని వాళ్లకు తెలుసు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టారా, రోగిని చూడవచ్చారా అన్నదాన్ని బట్టే తీర్పు ఉంటుందని మత్తయి సువార్త 25వ అధ్యాయం చెబుతుంది.

ఈ దారి మాకు కొత్తది కాదు. కుష్ఠు రోగులను ఊళ్లు వెలివేసే రోజుల్లో డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో వారి కోసం ఆసుపత్రి నెలకొల్పారు. దానికి భారీగా విరాళమిచ్చిన నర్సాగౌడ్ గారు హిందువు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు, మాల మాదిగ పల్లెలకు బాప్తిస్మం ఇచ్చి ఊరుకోలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటి మీద పోరాడాలని సంఘాలకు నేర్పారు. ఆ తాగుడు ఇవాళ మా ఇండ్ల పెండ్లి దావత్‌లలోకే వచ్చింది. ఆదివారం చర్చిలో ప్రభువు బల్లలో, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో పాలుపొంది సోమవారం కట్నానికి బేరమాడే కుటుంబాలు మాలో ఉన్నాయి. వీటి మీద ప్రసంగించాల్సిన కొందరు పాస్టర్లకు తమ బొమ్మ ఉన్న ఫ్లెక్సీల మీద, రాత్రి పదకొండు దాటినా ఆగని సౌండ్ బాక్సుల మీద ఉన్న శ్రద్ధ వీటి మీద లేదు. పరీక్షలకు చదివే పక్కింటి పిల్లల నిద్ర చెడగొట్టి మనం ఏ సువార్త చెబుతున్నట్టు?

అధికారుల సంగతి సరేసరి. పండుగ విందుకు టోకెన్లు పంచడానికి వారికి తీరిక ఉంటుంది గాని, మా సమాధుల తోట ప్రహరీ దస్త్రం మాత్రం ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి ఏండ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఆసుపత్రి బయట ఒక రేకుల షెడ్డు వేసి, నల్లా పెట్టించమని మేమిచ్చిన వినతిపత్రానికి జవాబే లేదు. అది క్రైస్తవుల కోసం అడిగింది కాదు, ఎండకు, వానకు అక్కడ పడి ఉండే అందరి కోసం అడిగింది.

మీ విలేకరిని ఒక శుక్రవారం పదకొండు గంటలకు ఆ గేటు దగ్గరికి పంపండి. మా ఆడవాళ్ల ఫొటోలు అక్కర్లేదు. ఆ మెట్ల పక్కన పడుకున్నవారి ఫొటో వేసి, షెడ్డు ఎప్పుడు వేస్తారో సంబంధిత అధికారిని అడిగి రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ.