పెరుగు తోడుకోని ఊరు

హెల్సింకి, ఫిన్లాండ్,
ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బుజ్జిగా,

తిట్టుకో, పడతాను. నువ్వు దసరాకి రాసిన ఉత్తరానికి సంక్రాంతి కూడా దాటాక జవాబు రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టానురా. ఒకటి "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగింది. రెండోదాని వెనక మా చిన్నది ఏనుగు బొమ్మ వేసేసింది. ఏనుగు బాగానే కుదిరింది, దీంతో పాటు పెడుతున్నాను. నాన్నకి రెండో కంటి ఆపరేషన్ అయింది, అప్పుడే పేపర్లో అచ్చుతప్పులు వెతుకుతున్నాడట. చిన్నదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. నా ఉద్యోగం ఊడలేదు. విశేషాలు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు సగంలోనే నవ్వడం మొదలెడతావు, మూడు కాళ్ళ కూలర్ అప్పుడు చేసినట్టు.

మేం ఊరు మారదామనుకున్నాంరా. మార్చి నెలాఖరులోగా తేల్చుకుంటే వేరే ఆఫీసుకి పంపిస్తామని మావాళ్ళు నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పారు: నార్వేలో బెర్గెన్, ఇంగ్లండ్‌లో లండన్, స్పెయిన్‌లో సెవిల్, పోర్చుగల్‌లో పోర్టో. పని ఎక్కడైనా అదే, కాబట్టి చూసుకోవాల్సింది వాతావరణమే అని మా ఆవిడ తీర్మానించింది. ఊళ్ళకి పెళ్ళిచూపులన్నమాట. ఓ నోటుబుక్కు పెట్టి, ఎండెంత, వానెంత, చలెంత అని గళ్ళు గీసింది.

తనని తప్పు పట్టలేను. చలికి తనేం భయపడదు. మైనస్ 15లో పిల్లని స్లెడ్జి మీద కూర్చోబెట్టుకుని బడికి లాక్కుపోతుంది. తనకి పడనిది చీకటి. ఇక్కడ నవంబర్‌ని మర్రస్కూ అంటారు, చావు నెల అని అర్థం చెబుతారు. ఆ నెల మొత్తం కలిపినా ఎండ సగటున 40 గంటలు కూడా ఉండదు. డిసెంబర్‌లో పొద్దున తొమ్మిదిన్నరకి తెల్లారి, మూడుంబావుకి పొద్దు గూకుతుంది. ఈసారి ఒకరోజు మధ్యాహ్నం నాలుగింటికి ఇంటికొచ్చేసరికి వంటింట్లో లైటు కూడా వేసుకోకుండా ఊరికే కూర్చుని ఉంది. ఏమైందంటే ఏం లేదంది. సరే, అది వదిలెయ్.

ఇక పెళ్ళిచూపులు. బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగా వాన, ఒక్క చూపుకే కొట్టేసింది. లండన్‌కి నేను వకాల్తా పుచ్చుకున్నాను. అక్కడ ఏడాదికి పడేది 600 మిల్లీమీటర్ల వానే, మన హైదరాబాద్‌లో 800 పడుతుంది కదా అన్నాను. "హైదరాబాద్ వాన ఒక్క పూటలో కుమ్మరించి పోతుంది. లండన్ వాన అప్పు వసూలుకి వచ్చినవాడిలా రోజంతా గుమ్మంలోనే నిలబడుతుంది" అంది. నా దగ్గర జవాబు లేదు. సెవిల్ మాత్రం నేనే కొట్టేశాను. జులైలో 40 దాటడం అక్కడ మామూలే. రెంటచింతలలో పుట్టి, ఆ ఎండ తప్పించుకుని ఇంత దూరం వచ్చి, మళ్ళీ రెంటచింతలకే కాపురానికి వెళ్ళనా? మిగిలింది పోర్టో. జనవరి మధ్యాహ్నం 14 డిగ్రీలు, ఆగస్టులో 25. ఊటీకి సముద్రం తగిలించినట్టు! నోటుబుక్కులో దానికి రెండు చుక్కలు పెట్టింది.

చూడకుండా పిల్లనివ్వకూడదు కదా, జనవరిలో పది రోజులు ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పాత వీధి, రాతి ఇల్లు, ముందు గోడకి నీలం పువ్వుల పలకలు. మా ఆవిడ ఫొటోలు తీసి వాళ్ళక్కకి పంపేసింది. తర్వాత తలుపు తీశాం.

ఒరేయ్, ఇంట్లో బయటికంటే చలిగా ఉందిరా! తమాషాకి చెప్పట్లేదు. టేబుల్ మీద చిన్న థర్మామీటర్ ఉంది, 12 చూపిస్తోంది. వీధిలోనేమో 14. కిటికీకి ఒక్క అద్దం, దాని చుట్టూ వేలు పట్టేంత సందు. గోడలు అడుగున్నర మందం రాయి. చలి లోపలికి దూరితే ఇక బయటికి పోనివ్వవు. మూలన చక్రాల మీద ఓ కరెంటు హీటరు ఉంది, దాని ఎదురుగా కూర్చుంటే మోకాళ్ళు కాలతాయి, వీపు గడ్డకడుతుంది. కింద ఉండే ఇంటావిడ దుప్పట్లు ఇవ్వడానికి పైకొచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి, ఇంట్లోనే ఉన్ని కోటు, మెడకి శాలువా! హీటింగ్ ఏదమ్మా అంటే సంతలో ఏనుగుని బేరమాడినవాడిని చూసినట్టు చూసింది. ఇక్కడ చలికాలం మూడు నెలలే కదా, దానికోసం ఇల్లంతా ఎవరు వేడి చేసుకుంటారంది. రెండు వేడినీళ్ళ రబ్బరు సంచులు చేతిలో పెట్టి వెళ్ళింది.

అప్పుడు తెలిసింది నేను చేసిన తెలివితక్కువ పని. లెక్కలన్నీ బయటి గాలికి చూశాను, ఉండబోయేది ఇంట్లో కదా! ఇక్కడ హెల్సింకిలో ఊరంతటికీ కలిపి వేడినీళ్ళు కాచి, గొట్టాల్లో ఇంటింటికీ పంపుతారు. కిటికీలకి మూడేసి అద్దాలు. బయట మైనస్ 20 ఉన్నా ఇంట్లో నేను బనీనుతో తిరుగుతాను. పోర్టోలో కోటు, టోపీ, రెండు జతల సాక్సులతో పడుకున్నాను. నువ్వు ఆ అవతారం చూడాల్సింది, అచ్చం వార్డెన్ గొడుగులా ఉన్నాను.

ఇంకా అసలుది ఉంది. పెరుగు. మా ఆవిడ ఏ ఊరెళ్ళినా మొదటి రాత్రి పాలు కాచి తోడు వేస్తుంది, నీకు తెలుసుగా. ఇక్కడైతే గదిని వేడిచేసే రేడియేటర్ పక్కన గిన్నె పెడితే తెల్లారేసరికి గడ్డపెరుగు. అక్కడ పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. సాయంత్రం దాకా చూద్దామంది. పాలే. మర్నాడు గిన్నెకి నా మఫ్లర్ చుట్టింది. పాలే, కాకపోతే కాస్త వాసన. మూడోనాడు గోరువెచ్చగా పాలు కాచి, తోడువేసి, ఇంటావిడ ఇచ్చిన రబ్బరు సంచి పక్కన పెట్టి, రెంటినీ నా దుప్పటిలో పెట్టింది! నేను గిన్నెకి కాపలా. అర్ధరాత్రి అటు దొర్లానో ఇటు దొర్లానో... సగం పరుపు తడిసింది. ఇంతా చేసి గిన్నెలో మిగిలినవి కూడా తోడుకోలేదు. "పెరుగు తోడుకోని ఊళ్ళో కాపురమేంటండీ" అంది, చీకట్లో, చాలా సీరియస్‌గా. నాకు నవ్వాగలేదు. ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు.

బట్టల సంగతి చెబితే ఇంకో ఉత్తరం అవుతుంది. వాన తెరిపివ్వలేదు. తర్వాత లెక్క చూసుకుంటే అక్కడ ఏడాదికి లండన్‌కి దాదాపు రెట్టింపు వాన, అందులో ఎక్కువ భాగం చలికాలంలోనేట. లండన్‌ని కొట్టేసినప్పుడు ఈ గడి ఎవరూ చూడలేదు! నా జీన్స్ ప్యాంటు నాలుగు రోజులైనా ఆరలేదు. బీరువా వెనక గోడకి నల్లటి బూజు. చిన్నది దాని మీద వేలితో పేరు రాసుకుంది.

ఎనిమిదో రోజు వాన తెరిపిచ్చింది. ఫోజ్ అని, నది సముద్రంలో కలిసే చోటు ఉంది, అక్కడికి వెళ్ళాం. ఆకాశం మన కార్తీక మాసంలోలా ఉంది. గోడ మీద కూర్చుని మా ఆవిడ కోటు విప్పింది, స్వెటర్ విప్పింది, ఎండకి ముఖం పెట్టి కళ్ళు మూసుకుంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చూస్తే కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఏమైందంటే ఏం లేదంది. ఇంట్లో అన్న "ఏం లేదు" లాంటిది కాదురా ఇది. నాకు అంతవరకే తెలుసు, ఎలా చెప్పాలో...

తిరిగొచ్చాక ఆ నోటుబుక్కులో పోర్టోని కొట్టేసి ఉంటుందనుకుని తీసి చూశాను. కొట్టెయ్యలేదు. కింద రెండు కొత్త గళ్ళు గీసింది: "ఎండ ఏ గదిలోకి, ఎన్నింటికి?" "కిటికీకి అద్దాలెన్ని?" దక్షిణం ముఖంగా, కొత్తగా కట్టిన ఇల్లు దొరికితే చూద్దామంటోంది. కొత్త ఇల్లంటే అద్దె ఎక్కువ. నేనింకా ఏమీ తేల్చుకోలేదు. ఇక్కడేమో ఫిబ్రవరి వచ్చేసింది, మంచు మీద ఎండ మెరుస్తోంది, రోజురోజుకీ పొద్దు పొడుగవుతోంది. ఇప్పుడు చూస్తే ఎవరికైనా ఉండిపోదామనే అనిపిస్తుంది. ఇది కూడా మోసమేనేమో.

నీకో పని. అత్తయ్యని అడుగు, చలికాలంలో ఆవిడ పాలగిన్నెని ఎందులోనో పెట్టేది కదా, బియ్యం డబ్బాలోనా, వరిగడ్డిలోనా? తోడు ఎంత వేసేది? నేనడిగానని చెప్పకు, మా ఆవిడ అడిగిందని చెప్పు. మార్చిలోపు తెలిస్తే

అయిపోయిందిరా, మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం ఏడింటికి సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, మా వంతు, గంట దాటితే పక్కింటివాళ్ళొచ్చేస్తారు. మా ఆవిడ తువ్వాళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కూలర్ సంగతి మళ్ళీ రాస్తాను.

నీ
లడ్డుగాడు