అటక మీది బైండు, యూనిట్ టెస్టులు, ఇంకా కొన్ని సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జులై వార్తాలేఖ అంటే ముందు యూనిట్ టెస్టుల గురించి రాయాలి. కానీ ఈ పది రోజులుగా మీరెవరూ టెస్టుల ఊసెత్తడం లేదు. అందరి నోటా బస్సులో జరిగిన బేరమే. ఆరో తరగతి గ్రూపులో మొదలైన మాట పదో తరగతి గ్రూపు దాకా పాకింది. తిరిగి తిరిగి నా చెవిన పడేసరికి లక్ష రూపాయల పుస్తకం పోయిందట, స్కూలుకు పోలీసులు వచ్చారట. పోలీసులెవరూ రాలేదు. వచ్చింది ఒక తాతగారు.

జరిగింది ఇది. ఆరో తరగతి బాబు ఒకడు ఇంట్లో అటక మీద నుంచి కామిక్స్ బైండు ఒకటి దించి, ఎవరికీ చెప్పకుండా బ్యాగులో పెట్టుకొచ్చాడు. 1970ల నాటి ఇంద్రజాల్ కామిక్స్, ఇరవై సంచికలు కలిపి కుట్టించినది. బస్సులో ఏడో తరగతి బాబు పదిహేను క్రికెట్ కార్డులు తీసి చూపించాడు. మెహదీపట్నం దాటేలోపు బేరం కుదిరిపోయింది. రెండో రోజు తాతగారు అటక చూసుకున్నారు. మూడో రోజు పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే నా గది ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, కాళ్ళ దగ్గర గొడుగు లోంచి నీళ్ళు కారుతున్నాయి.

పుస్తకం గంటలో దొరికింది. ఏడో తరగతి బాబు దాన్ని దాచలేదు. లంచ్ బ్రేక్‌లో చదువుకుందామని బ్యాగులోనే ఉంచుకున్నాడు, వానకు తడవకుండా వాళ్ళమ్మ దానికి పాలిథిన్ కవరు కూడా చుట్టారు. కార్డులు ఇటు, పుస్తకం అటు ఇప్పించాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇంట్లో అడగకుండా తెచ్చిన వస్తువును మార్చుకోకూడదని చెప్పాను. సస్పెండ్ చేయలేదు, చేయను కూడా. ఆ మాట కొందరికి నచ్చలేదని విన్నాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పుస్తకం తాతగారికి అప్పగించే ముందు నేను చాలాసేపు తిరగేశాను. మొదటి పీరియడ్ మొత్తం దానికే పోయింది. వెన్నుకు ఎర్ర క్యాలికో గుడ్డ. పిన్నులు తుప్పు పట్టి ప్రతి సంచిక నడిమి పేజీలో రెండు గోధుమరంగు చుక్కలు. కోఠీలో బైండు చేసినాయన అంచులు సమంగా రావాలని కట్టింగ్ మిషన్ కింద పెట్టినట్టున్నాడు, పై వరుస మాటల బుడగల్లో కొన్ని అక్షరాలు సగానికి తెగిపోయాయి. ఆ తెగినవాటిని తాతగారు చిన్నప్పుడు పెన్సిల్‌తో పక్కన మళ్ళీ రాసుకున్నారు. మొదటి పేజీలో సిరాతో పేరు, తరగతి, సెక్షన్, కింద ఒక హెచ్చరిక: 'ఈ పుస్తకం కొట్టేసినవాడి దవడ మీద పుర్రె గుర్తు పడును.' ఆ కామిక్స్‌లో అడవిని కాపాడే ముసుగు వీరుడు ఫాంటమ్ గుద్దితే, ఉంగరం మీది పుర్రె గుర్తు దవడ మీద పడుతుంది. తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఏడో తరగతి బాబు మాత్రం ఆ లైను చదివి రెండు రోజులు దవడ తడుముకున్నాడట.

ఇక మీ గ్రూపుల సంగతి. పాత ఇంద్రజాల్ కామిక్స్‌కు మంచి రేటు పలుకుతుందని ఒక నాన్నగారు మెసేజ్ పెట్టారు. మర్నాటి నుంచి లైబ్రరీకి అటకలు దిగడం మొదలైంది. తొమ్మిది మంది పిల్లలు పాత పుస్తకాలు పట్టుకొచ్చి 'మా అమ్మ రేటు కనుక్కోమంది మేడమ్' అని లైబ్రేరియన్ గారిని అడిగారు. అందులో ఒకటి వంటల పుస్తకం, ఒకటి 1998 నాటి టెలిఫోన్ డైరెక్టరీ. మా లైబ్రేరియన్ గారు ఓపికమంతురాలు, అంతే చెప్పగలను. రేటు కోసం ఆత్రపడేవారికి ఒక్క ముక్క: సేకరించేవాళ్ళకు కావలసింది అచ్చయినప్పటి రూపంలో ఉన్న విడి సంచిక. అట్ట ఉండాలి, అంచు కోయకూడదు, పెన్ను గీత పడకూడదు. బైండు చేయించి, కోయించి, పేరు రాసిన పుస్తకానికి బజార్లో విలువ తగ్గుతుంది. తాతగారికి ఈ సంగతి ముందే తెలుసు. 'అమ్మడానికి కాదు కదమ్మా' అన్నారు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. 'ఫీజులు కట్టేది బొమ్మల పుస్తకాలు చదివించడానికా?' అని ఒకరు రాశారు, పదకొండు మంది బొటనవేలు ఎత్తారు. రాత్రి పదకొండు నలభైకి. దానికి జవాబు తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే మన లైబ్రరీలో ఆ నాలుగు అరల కామిక్స్ పెట్టించింది నేనే.

మా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా సందు చివర సైకిల్ షాపులో పుస్తకాలు అద్దెకిచ్చేవారు. మా అన్నయ్య ఒక్కటి తెస్తే ఐదుగురం చదివేవాళ్ళం, చదివే వరుస కోసం కొట్టుకునేవాళ్ళం. ఒక సంచికలో మొదలైన కథ చివర దొరికేది కాదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల గుట్టల్లో వెతికేవాళ్ళం. మాంత్రికుడు మాండ్రేక్ కథ ఒకదాని ముగింపు నేను పెళ్ళయ్యాక చదివాను. అందుకే ఇప్పుడు ఆ పాత కథలన్నీ వరుసగా, తేదీలతో సహా, గట్టి అట్టల సంపుటాలుగా వస్తుంటే నాకు కలిగే సంతోషం మీకు కొంచెం అతిగా కనిపించవచ్చు. అమెరికా రచయిత లీ ఫాక్ 1934లో మాండ్రేక్‌ను, 1936లో ఫాంటమ్‌ను మొదలుపెట్టి, 1999లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. అది రోజుకు మూడో నాలుగో బొమ్మల లెక్కన దినపత్రికలో వచ్చిన కథ. మొదటి బొమ్మలో నిన్నటి సంగతి గుర్తు చేయాలి, చివరి బొమ్మలో రేపటి దాకా ఊరించాలి. మనకు 1964 నుంచి ఇంద్రజాల్ వాళ్ళు వాటిని పుస్తకాలుగా ఇచ్చారు, పేజీకి సరిపడేలా కత్తిరించి, కుదించి. సంపుటంలో మాత్రం రోజూ పడ్డ వరుస అలాగే ఉంటుంది. మన ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఎవరూ చెప్పకుండానే అది పట్టేసింది. 'ప్రతి నాలుగో బొమ్మకీ ఎవరో ఒకరు ఉలిక్కిపడుతున్నారేంటి మేడమ్?' అని అడిగింది. కథ ఎలా కడతారో పాఠం చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టేది, ఆ అమ్మాయి మధ్యాహ్నం భోజనం గంటలో నేర్చేసుకుంది.

ఈ అలవాటు మన ఇళ్ళకు కొత్తదేమీ కాదు. చందమామ 1947 జులైలో మొదలైంది. అందులో సీరియల్ పేజీలు నెలనెలా విప్పి, దాచి, కథ అయిపోయాక కుట్టించుకున్న ఇళ్ళు ఎన్నో. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళకు చిత్రా గారి బొమ్మలు లేకుండా ఆ కొండలు, ఆ మాంత్రికులు గుర్తుకొస్తారా? సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు కనుక, రాసిందెవరో తెలియకుండానే ఒక తరం ఆయన్ను కంఠతా పట్టింది. మీ అమ్మగారినో అత్తగారినో 'తోకచుక్క' గురించి ఒకసారి అడిగి చూడండి. కూర పొయ్యి మీద ఉంటే ముందు స్టవ్ కట్టేసి అడగండి.

చదువు రాదన్న భయం మాటకొస్తే, కిందటేడు తెలుగు మీడియం నుంచి వచ్చి చేరిన బాబు సంగతి చెప్పాలి. పేరు రాయవద్దని వాళ్ళ నాన్నగారు అడిగారు కాబట్టి రాయడం లేదు, లేకపోతే పెద్దక్షరాల్లో వేసేదాన్ని. ఇంగ్లిష్ పేరా చూస్తే నోరు మెదిపేవాడు కాదు. కుర్ర విలేకరి టిన్‌టిన్ కామిక్స్‌లో అతని స్నేహితుడు కెప్టెన్ హాడాక్ తిట్లు మాత్రం నోట్సులో రాసుకుని డిక్షనరీ తెరిచాడు. ఒకరోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి 'బాషీబజూక్ అంటే ఏంటి మేడమ్?' అన్నాడు. నేను సోషల్ టీచర్ని, ఊరుకుంటానా. టర్కీని ఏలిన ఒట్టోమన్ సుల్తానుల దగ్గర జీతం బత్తెం లేకుండా దోపిడీ మీద బతికిన సైనికులని చెప్పాను. ఆ వంశం చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ 1931లో మన ఏడో నిజాం పెద్ద కోడలయిందని, అదే రోజు అదే పెళ్ళిపందిట్లో ఆ వంశపు పిల్ల నిలోఫర్ చిన్న కోడలయిందని చెప్పాను. వాడు కళ్ళింత చేసుకుని 'నేను పుట్టింది నిలోఫర్ ఆసుపత్రిలోనే మేడమ్' అన్నాడు. కెప్టెన్ హాడాక్ తిట్టు దగ్గర మొదలై ఆ ఆసుపత్రి ఉన్న రెడ్ హిల్స్‌లో తేలాం. ఇప్పుడు ఆ బాబు అసెంబ్లీలో ఇంగ్లిష్ వార్తలు చదువుతున్నాడు.

పాత కామిక్స్‌లో అంతా మంచే ఉందని నేను అనడం లేదు. టిన్‌టిన్ మొదటి కథల్లో, ముఖ్యంగా కాంగో కథలో, ఆఫ్రికా వాళ్ళను చూపించిన తీరు సిగ్గుచేటు. టిన్‌టిన్‌ను సృష్టించిన ఎర్జే తర్వాత కొంత మార్చాడు, మరక పూర్తిగా పోలేదు. ఫాంటమ్ చదివి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె క్లాసులో లేచి, 'అడవి వాళ్ళది, అక్కడ ఉన్నది వాళ్ళు, కాపలా కాయడానికి తెల్లవాడు ఎందుకు రావాలి?' అని అడిగింది. ఆ పూట నాకు పండగే. ఆ ప్రశ్న పుట్టాలంటే పుస్తకం చేతిలో ఉండాలి, పక్కన మాట్లాడే పెద్దవాళ్ళు ఉండాలి. అదే ఎర్జే 1960 నాటికి టిబెట్ కథ పుస్తకంగా తెచ్చాడు. మంచులో చిక్కుకున్న స్నేహితుడి కోసం వెతుకులాట తప్ప అందులో విలన్ అంటూ ఎవరూ లేరు. మధ్యలో ఢిల్లీలో ఆగుతారు, అక్కడ కెప్టెన్‌కు ఆవుతో జరిగే సన్మానం మీరే చూడండి. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మనిషి ఎంత మారగలడో పిల్లలకు కనిపిస్తుంది.

మిగతావి గబగబా: యూనిట్ టెస్టుల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, సిలబస్ మారలేదు, ఫోన్ చేసి అడగొద్దు. లాల్ దర్వాజ బోనాల మర్నాడు సోమవారం సెలవు. రెండో విడత ఫీజు గడువు నెలాఖరు. వానల వల్ల బస్సులు పావుగంట ఆలస్యం కావచ్చు. రెయిన్‌కోట్ల మీద పేర్లు రాయండి, నీలం రంగువి పద్నాలుగు ఆఫీసులో పడి ఉన్నాయి.

ఇంటి సంగతులు చెప్పడం నా పని కాదని కొందరి అభిప్రాయం. అయినా మీరు నా మీద చూపించే ఆదరణను చనువుగా తీసుకుని రెండు మాటలు. పిల్లలు చదవడం లేదని పేరెంట్స్ మీటింగ్‌లో నాతో చెప్పిన అమ్మగారు, ఆ చెబుతున్నంతసేపూ ఫోన్‌లో రీల్స్ కిందికి జరుపుతూనే ఉన్నారు. మీకు ఎన్నో పనులుంటాయి, నాకు తెలుసు. ఇంకొక నాన్నగారు, మంచివారు, ఇంట్లో ఉన్న మూడు బస్తాల పాత పుస్తకాలు కిలోల లెక్కన రద్దీకి వేసి, ఆ డబ్బుతో బాబుకు ట్యాబ్ కవరు కొన్నానని సంతోషంగా చెప్పారు. నేను కూడా నవ్వాను. రెండో తరగతి పిల్లలు తెచ్చే ప్రాజెక్టు చార్టుల్లో థర్మాకోల్ చార్మినార్ ఇంజనీర్లు కట్టినంత నిటారుగా ఉంటోంది. మీనార్లు కాస్త వంకరగా ఉన్నా మార్కులు వేస్తాం. ఇక పోతే, కామిక్ చదువుతున్న పిల్లవాడి చేతిలోంచి దాన్ని లాక్కుని గైడు పెట్టడం. లాక్కునే ముందు రెండు పేజీలు మీరూ చదవండి. తర్వాత కూడా లాక్కోవాలనిపిస్తే లాక్కోండి.

తాతగారు ఈ నెల చివరి శనివారం మూడో పీరియడ్‌లో బైండుతో సహా మన లైబ్రరీకి వస్తున్నారు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు చదివి వినిపిస్తారు, పెన్సిల్‌తో రాసుకున్న అక్షరాలతో సహా. పక్కన పేజీలు తిప్పే పని బేరమాడిన ఇద్దరిదీ. ఇళ్ళల్లో తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు ఎవరైనా రావాలనుకుంటే ముందు రోజు ఆఫీసులో చెప్పండి, కుర్చీలు వేయించాలి. టీ ఉంటుంది. ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇవ్వాలి, తాతలకూ మినహాయింపు లేదు.

చివరగా, నాలుగో నంబరు బస్సు వెనక సీటు కింద చందమామల బైండు ఒకటి దొరికింది. అట్ట లేదు, పేరు లేదు. చివరి ఖాళీ పేజీలో పచ్చసిరాతో పాల లెక్క ఉంది: సోమవారం అరలీటరు, మంగళవారం అరలీటరు, బుధవారం చుట్టాలు, రెండు లీటర్లు. ఆ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టగలిగినవాళ్ళు ఆఫీసుకు వచ్చి తీసుకెళ్ళవచ్చు. రేటు అడిగితే ఇవ్వం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు