పక్క మంచం అమ్మగారికి, రాత్రి డ్యూటీ సిస్టరుకు కృతజ్ఞతలు

నాన్నగారు కులాసాగా ఇంటికి చేరారు. ఫోన్లు చేసి అడుగుతున్న బంధుమిత్రులకు ముందుగా ఈ మాట. విశాఖలోని ఆ ఆసుపత్రి పేరు రాయడం లేదు, అక్కడి మనుషులకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి.

నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. మతిమరుపు జబ్బు ముదిరింది, షుగరు కూడా ఉంది. మంచానికి తగిలించిన సీసాలోని నీలిరంగు ద్రవాన్ని టానిక్ అనుకున్నారో, షర్బత్ అనుకున్నారో, స్టీలు గ్లాసులోకి వంచుకొని గటగటా తాగేశారు. అది చేతులకు రాసుకునే శానిటైజరు. పక్క మంచం దగ్గర భర్తకు తోడుగా ఉన్న భీమిలి అమ్మగారు పరుగున వచ్చి గ్లాసు లాక్కున్నారు. మా తమ్ముడు ఉప్పునీళ్లు పట్టించి కక్కిద్దామంటే, "వద్దు బాబూ, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, సిస్టరును పిలువు" అని ఆపిందీ ఆవిడే. మనవడు కిరోసిన్ తాగినప్పుడు డాక్టర్లు చెప్పిన మాటట అది.

సిస్టరు వస్తూనే సీసా అందుకొని లేబులు చదివారు, ఎంత తగ్గిందో చూసి డాక్టరుకు చెప్పారు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, 70 శాతం. దుకాణంలో అమ్మే బ్రాందీలో ఉండేది 42.8 శాతమే, అదీ వేరే రకం ఆల్కహాలు. కాసేపటికే నాన్నగారి మాట ముద్దగా వచ్చింది, ఊపిరిలో గోళ్లరంగు తుడిచే ద్రవం వాసన. ఈ రసాయనం ఒంట్లో అసిటోనుగా మారుతుందని, ఆ వాసన దానిదేనని డాక్టరుగారు ఓపికగా వివరించారు. షుగరు పడిపోతుందేమోనని తెల్లవార్లూ వేలు గుచ్చి చూస్తూనే ఉన్నారు. మిథనాల్ కలిసిన నకిలీ సరకైతే చూపే పోవచ్చునట. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పది మందికి పైగా పోయిన సంగతి గుర్తొచ్చినా, అమ్మ ముందు నోరు విప్పలేదు.

మేము ఫిర్యాదు చేయకముందే ఇన్‌ఛార్జి సిస్టరు ఆ వార్డులో మంచాలకున్న సీసాలు తీయించారు. ఇప్పుడు తలుపు పక్క గోడకు తాళం వేసిన పెట్టె ఉంది, నర్సులు చిన్న సీసాలు జేబులో పెట్టుకుంటున్నారు. చేతుల శుభ్రతకు లోటు రాలేదు. మతి నిలవని పెద్దలను ఆసుపత్రిలో చేర్చేవారు ఈ ఏర్పాటు అడిగి చేయించుకోండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు, 1800 116 117, కూడా సిస్టరే రాసిచ్చారు.

భీమిలి అమ్మగారూ, మీవారు కోలుకున్నాక ఇద్దరూ మా ఇంటికి భోజనానికి రావాలి. నాన్నగారు మాత్రం ఎవరో తన గ్లాసు లాక్కున్నారని ఇంకా కోపంగానే ఉన్నారు, ఏమీ అనుకోకండి.