నేను చదువుతున్న మూడు పుస్తకాలు, నీకు చెప్పే ఒకటి

చిన్నీ,

మొన్న ఫోన్‌లో "ఏం చదువుతున్నావమ్మా, నాకూ ఏదైనా మంచి పుస్తకం చెప్పు" అన్నావు. అప్పుడే రెండు పేర్లు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ నువ్వు అడిగిన తీరు చూస్తే, వట్టి పేర్లు చెబితే నీకు సరిపోదనిపించింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఈమధ్య నా మనసు ఆత్మకథల మీదికి పోయింది. ఒకేసారి మూడు నడుస్తున్నాయి. గాంధీగారి 'సత్యశోధన', చార్లెస్ డార్విన్ తన గురించి తాను రాసుకున్న చిన్న పుస్తకం, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. మూడూ సగం సగంలో ఉన్నాయి. పూర్తయ్యాక చెబుదామని ఆగలేదు, కావాలనే ఆగలేదు. చదవడం అయిపోయాక మన దగ్గర అభిప్రాయం మాత్రం మిగులుతుంది. బాగుందనో, చివర్లో సాగదీశారనో చెప్పి వదిలేస్తాం. మధ్యలో ఉన్నప్పుడైతే ఏ పేజీ దగ్గర ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివామో కూడా గుర్తుంటుంది.

'సత్యశోధన'లో నేను అలా ఆగింది పుస్తకాల గురించి ఆయన రాసిన చోటే. గాంధీగారు దీన్ని 1925 నుంచి 1929 దాకా తన 'నవజీవన్' పత్రికకి వారం వారం గుజరాతీలో రాశారు. అందుకే అధ్యాయాలు పొట్టిగా ఉంటాయి, రెండు మూడు పేజీల్లో అయిపోతాయి. 1893లో ఆయన దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఉన్నప్పుడు కోట్స్ అనే స్నేహితుడు ఒకాయన, క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందినవాడు, పుస్తకాల మీద పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. గాంధీగారి అలమర నిండిపోయిందట. అవన్నీ క్రైస్తవం గురించిన పుస్తకాలు. కోట్స్ మంచివాడు, గాంధీగారంటే నిజంగా ప్రేమ ఉన్నవాడు. కానీ గాంధీగారి మెడలోని తులసిపూసల దండ మూఢనమ్మకమని, దాన్ని తెంపేస్తానని కూడా అన్నాడు. అది అమ్మ ప్రేమతో వేసింది, తెంపనివ్వనన్నారు గాంధీగారు. ఇచ్చిన పుస్తకాలన్నీ మాత్రం మాట ప్రకారం చదివారు. కొన్ని నచ్చాయి, కొన్ని నచ్చలేదు. ఆయన ఎటూ మారలేదు.

పదకొండేళ్ల తర్వాత, 1904లో, గాంధీగారు జోహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తున్నారు. అక్కడ ఆయన నడిపిస్తున్న 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక డబ్బు ఇబ్బందుల్లో ఉంది, ఆ పని మీద ప్రయాణం. సాగనంపడానికి స్టేషన్‌కి వచ్చిన స్నేహితుడు హెన్రీ పోలక్ దారిలో చదువుకోమని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. మీకు తప్పకుండా నచ్చుతుందన్నాడు. అది ఇంగ్లీషు రచయిత రస్కిన్ రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్'. ఇరవైనాలుగు గంటల ప్రయాణం, మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయారు. సాయంత్రం రైలు దిగారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. క్షురకుడి పనికీ లాయరు పనికీ ఒకటే విలువ అన్న మాట తనకు అంతకుముందు లీలగా తెలుసనీ, ఒళ్లు వంచి పనిచేసేవాడి బతుకే బతుకన్నది మాత్రం ఎన్నడూ తట్టలేదనీ రాశారు. ఆ ఏడాదే డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో పొలం తీసుకుని, పత్రికనీ ప్రెస్సునీ అక్కడికి తరలించారు. తర్వాత ఆ పుస్తకాన్నే 'సర్వోదయ' పేరుతో గుజరాతీలోకి తెచ్చారు.

ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివి చాలాసేపు ఆలోచించాను. ఇద్దరూ ప్రేమతోనే ఇచ్చారు. కోట్స్ తనకు నచ్చినవి ఇచ్చాడు, గాంధీగారు ఎలా మారాలో ముందే అనుకుని ఇచ్చాడు. పోలక్ తన ఎదురుగా ఉన్న మనిషి ఇప్పుడు ఏ ఆలోచనల్లో ఉన్నాడో చూసి ఇచ్చాడు. అయితే కోట్స్ దగ్గర నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇచ్చి వదిలెయ్యలేదు, చదివిన ప్రతి పుస్తకం గురించీ కూర్చుని మాట్లాడేవాడు. ఆ పని మనిద్దరం చేద్దాం.

శ్రీపాదవారి పుస్తకం రోజూ సాయంత్రం మీ నాన్నకి పైకి చదివి వినిపిస్తున్నాను. మనసులో చదువుకుంటే అందులో సగం రుచి పోతుంది, వాక్యాలన్నీ ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటాయి. వేదశాస్త్రాలు చదివే ఇంట్లో 1891లో పుట్టిన కుర్రవాణ్ణి సంస్కృతంలో పండితుణ్ణి చెయ్యాలని పెద్దలు అనుకుంటే, ఆ కుర్రవాడి మనసు తెలుగు మీద పడింది. ఆ తెలుగు ఎలాంటిదో చెబితే తెలియదు, వినాలి. ఇది నువ్వు ఇంటికి వచ్చినప్పుడు నేనే చదివి వినిపిస్తాను. ఒంటరిగా ఫోన్‌లో చదివే పుస్తకం కాదు.

నీకు చెప్పదలుచుకున్నది డార్విన్ పుస్తకం. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి నువ్వు "అందరికీ చకచకా అర్థమైపోతోంది, నాకే టైమ్ పడుతోంది" అంటున్నావు. నాలుగైదుసార్లు అన్నావు, ప్రతిసారీ ఆ టెన్షన్ నీ గొంతులో వినిపించింది. ఈ పుస్తకం చదువుతుంటే చాలా చోట్ల నువ్వు గుర్తొచ్చావు.

డార్విన్ దీన్ని అచ్చు కోసం రాయలేదు. పిల్లలకీ, వాళ్ల పిల్లలకీ ఆసక్తిగా ఉండొచ్చని, 1876లో, అరవై ఏడేళ్ల వయసులో, దాదాపు రోజూ మధ్యాహ్నం ఒక గంటసేపు కూర్చుని రాశాడు. మే నెల చివర్లో మొదలుపెట్టి ఆగస్టు మొదట్లో చివర తేదీ వేశాడు. ఎక్కడా గొప్పలు పోడు, ఎక్కడా అతివినయమూ ఉండదు. తనకు చురుకైన బుర్ర లేదంటాడు. ఒక తేదీ గానీ, పద్యంలో ఒక పాదం గానీ కొద్దిరోజులకు మించి గుర్తుండేది కాదంటాడు. వైద్యం చదవడానికి ఎడిన్‌బరో పంపిస్తే ఆపరేషన్ చూడలేక బయటికి పరుగెత్తాడు, అప్పటికి మత్తిచ్చే క్లోరోఫారం రాలేదు. కుక్కలూ వేటా ఎలుకలు పట్టడమూ తప్ప నీకు ఏదీ పట్టదు, నీకూ కుటుంబానికీ తలవంపులు తెస్తావని తండ్రి ఒకసారి తిట్టిన మాట కూడా రాశాడు. వెంటనే ఆ తండ్రి అంత దయగల మనిషిని తాను చూడలేదనీ, ఆ మాటన్నప్పుడు కోపంలో ఉండి ఉంటాడనీ రాశాడు. కన్నవాళ్ల గురించి అంత నిజాయితీగా, అంత ప్రేమగా రాసిన వాక్యాలు నేను ఎక్కువ చదవలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు చెప్తాను. ప్రపంచయాత్రకి బీగిల్ అనే ఓడ ఎక్కబోయేముందు, కేంబ్రిడ్జిలో తన గురువు ప్రొఫెసర్ హెన్‌స్లో డార్విన్‌కి లయెల్ అనే శాస్త్రవేత్త రాసిన కొత్త భూగర్భశాస్త్రం పుస్తకం మొదటి సంపుటం చదవమని చెప్పాడు. చదువు గానీ అందులోని సిద్ధాంతాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నమ్మొద్దన్నాడు! పుస్తకం సిఫార్సు చేస్తూ అలాంటి మాట అన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారో లేదో. 1832 జనవరిలో ఓడ కేప్ వర్డ్ దీవుల్లో సెయింట్ జాగో దగ్గర ఆగింది. సముద్రం ఒడ్డున కొండచరియలో అడ్డంగా ఒక తెల్లని పొర, పైన నల్లటి లావా. పొరలోని గవ్వలు చూసి అది ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేదని తెలుసుకున్నాడు. భూమి నెమ్మదిగా, కొంచెం కొంచెంగా మారుతూ వచ్చిందని, నమ్మొద్దన్న ఆ లయెల్ చెప్పిన పద్ధతే నిజమని అక్కడే తేలింది. చిన్న లావా చరియ నీడన, మండుటెండలో, కాళ్ల దగ్గరి నీటిగుంటల్లో బతికున్న పగడాల పక్కన కూర్చుని, నేను కూడా ఒక పుస్తకం రాయగలనేమో అని మొదటిసారి అనుకున్నాడు. ఆ సంతోషానికి ఒళ్లు పులకరించిందట. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు, నీకన్నా చిన్నవాడు.

చివర్లో ఒక పేజీ మాత్రం మనసు కలుక్కుమనిపిస్తుంది. చిన్నప్పుడు షేక్‌స్పియర్ అంటే ప్రాణం పెట్టినవాడు, ఆ ప్రయాణాల్లో ఒక్క పుస్తకమే తీసుకెళ్లే వీలుంటే మిల్టన్ కవిత్వాన్నే ఎంచుకున్నవాడు, పెద్దయ్యాక ఒక్క పద్యం కూడా చదవలేకపోయాడు. మళ్లీ జీవితం ఇస్తే వారానికి ఒకసారైనా కాస్త కవిత్వం చదువుతాను, కాస్త సంగీతం వింటాను అని రాశాడు. నువ్వు ఇంటర్లో నోట్‌బుక్‌లో కవితలు ఎత్తి రాసుకునేదానివి. ఇప్పుడు చదువుతున్నావా? నిన్ను నిలదీయడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. నవలల మీద మాత్రం ఆయనకి ప్రేమ చివరిదాకా పోలేదు. ఇంట్లోవాళ్లు పైకి చదివి వినిపించేవారు. విషాదంగా ముగిసే నవలల మీద చట్టం తేవాలన్నాడు, అందులో నేను ఆయన పక్షం.

సగంలో వదిలేసిన ఆ లావు నవల గురించి గిల్టీగా ఉందన్నావు. వదిలెయ్ తల్లీ. నీకు అక్కరకొచ్చేదైతే అదే మళ్లీ నీ దగ్గరికి వస్తుంది. డార్విన్ అయితే బరువైన పుస్తకాన్ని చేత్తో పట్టుకోవడానికి వీలుగా మధ్యకి కోసేసేవాడని కొడుకు ఫ్రాన్సిస్ రాశాడు. అది మాత్రం నువ్వు చెయ్యకు, నా ప్రాణం విలవిల్లాడుతుంది.

కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. 1887లో ఫ్రాన్సిస్ అచ్చువేయించిన ప్రతిలో కొన్ని భాగాలు తీసేశారు, ముఖ్యంగా మతం గురించి డార్విన్ రాసినవి. అవి బయటికి రావడం ఆయన భార్య ఎమ్మాకి ఇష్టం లేకపోయింది. మనవరాలు నోరా బార్లో 1958లో వాటన్నిటినీ మళ్లీ చేర్చింది. ఆ పూర్తి ప్రతే నేను చదువుతున్నాను, అలాంటిదే ఇంకొకటి నీకు పంపిస్తున్నాను. నాది నా దగ్గరే ఉంది కాబట్టి ఇద్దరం ఒకేసారి చదవొచ్చు. చిన్న పుస్తకం, ఇంగ్లీషు కూడా తేలిక. కేంబ్రిడ్జి రోజుల అధ్యాయం దగ్గర మొదలుపెట్టు, పురుగుల కోసం ఆయన పడ్డ తంటాలు అక్కడున్నాయి. బాల్యం తర్వాత చదువుకున్నా నష్టం లేదు.

నీ ఫ్రెండ్ ఇచ్చిందన్న ఆ కథల పుస్తకం ఎంతవరకు వచ్చింది? అయిపోయేదాకా ఆగకుండా, ఇప్పటిదాకా ఏ కథ దగ్గర ఆగి మళ్లీ చదివావో రాయి. బాగుందని నీకు అనిపిస్తే నేనూ తెప్పించుకుంటాను.

ప్రేమతో,
అమ్మ