టవర్ స్పీకర్లను పోల్చే పద్ధతి మారాలి

సంపాదకులకు నమస్కారం.

దీపావళి డిస్కౌంట్లు మొదలయ్యాయంటే చెన్నై షాపుల్లో టవర్ స్పీకర్ల బేరం జోరందుకుంటుంది. రెండు జతలు పక్కపక్కన నిలబెట్టి, మీట నొక్కి ఒకసారి ఇదీ ఒకసారి అదీ వినిపించి, ‘ఏది బాగుందో మీరే చెప్పండి సార్’ అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, రెండింటి వాల్యూమ్ సమానం చేయకుండా పోలిస్తే కాస్త గట్టిగా మోగేదే మన చెవికి మేలనిపిస్తుంది. తేడా ఒకటి రెండు డెసిబెల్లే (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) అయితే అది గట్టిగా ఉందన్న సంగతి కూడా తెలియదు. ‘నిండుగా ఉంది, స్పష్టంగా ఉంది’ అనుకుని డబ్బు కట్టేస్తారు.

ఈ తేడా గుట్టు అట్టపెట్టె మీదే ఉంటుంది. ఒక జత మీద 90 డెసిబెల్లు, 4 ఓములు (కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం) అనీ, రెండో జత మీద 88 డెసిబెల్లు, 8 ఓములు అనీ రాసి ఉందనుకుందాం. మామూలుగా ఈ డెసిబెల్ల కొలత 2.83 వోల్టులిచ్చి మీటరు దూరంలో తీస్తారు. 8 ఓముల స్పీకర్‌కు అది 1 వాట్, 4 ఓముల దానికి 2 వాట్లు. అంటే మొదటిది రెట్టింపు కరెంటు లాక్కుని 90 చూపిస్తోంది. వాట్‌కు వాట్ లెక్క కడితే దానిది 87 మాత్రమే. షాపులో వాల్యూమ్ కదపకుండా మీట మారిస్తే మాత్రం అదే 2 డెసిబెల్లు గట్టిగా మోగుతుంది, అదే అమ్ముడుపోతుంది. ఇంట్లో చిన్న యాంప్లిఫయర్‌కు తగిలిస్తే ఆ యాంప్లిఫయర్ వేడెక్కి మధ్యలో ఆగిపోవచ్చు. వాల్యూమ్ చివరిదాకా తిప్పారా, యాంప్లిఫయర్ అందుకోలేక శబ్దపు అలల తలలు తెగుతాయి. ఆ వంకర శబ్దం సన్నటి స్వరాలు పలికే ట్వీటర్ మీద పడి, అందులోని వెంట్రుక లాంటి తీగచుట్ట (కాయిల్) కాలిపోతుంది. పెద్ద యాంప్లిఫయర్ పెడితేనే స్పీకర్ పోతుందని చాలామంది భయపడతారు. చిన్నదాన్ని పిండినా పోతుంది.

సరిచేయడానికి పది నిమిషాలు చాలు. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ ఒకటి పెట్టుకోండి. పింక్ నాయిస్ అని వాన హోరు లాంటి శబ్దం ఉంటుంది, అది వేయించండి. కూర్చునే చోట, చెవి ఎత్తులో ఫోన్ పెట్టి రెండు జతలకూ ఒకే అంకె వచ్చేలా వాల్యూమ్ మార్చి, ఆ రెండు స్థానాలూ రాసుకోండి. యాప్ అంకె నిక్కచ్చిగా ఉండక్కర్లేదు, రెండింటికీ ఒక్కటైతే చాలు. జతలను పక్కపక్కన కాకుండా ఒకే చోట మార్చి మార్చి నిలబెట్టాలి. అడుగు జరిగినా బేస్ మారిపోతుంది. వీలైతే మధ్యలో పల్చటి గుడ్డ తెర కట్టండి. శబ్ద పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన పరీక్షల్లో అవే స్పీకర్లకు, కనబడినప్పుడు ఒకలాగా తెర వెనకున్నప్పుడు ఒకలాగా మార్కులు పడ్డాయి. ఎత్తుగా, నున్నగా నిలబడ్డ చెక్కపెట్టెను చూస్తే ఎవరికైనా మనసు అటే లాగుతుంది.

ఇక ఏం వినాలి? షాపువాళ్ల డెమో పాటలు వద్దు, వాటిలో ఏ స్పీకరైనా మెరుస్తుంది. మంచి కచేరీ రికార్డింగులో తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) వేయించండి. మృదంగం ఎడమవైపు తొప్పి మీద పడే దెబ్బలు వినండి. గుమికి అనే గంభీర నాదం సాగి తగ్గడం, మూసి కొట్టిన దెబ్బ ఠక్కున ఆగడం వేరువేరుగా తెలియాలి. అన్నీ కలిసి ఒకటే ‘ధుమ్’ అయితే ఆ బేస్ ఎక్కువ కాదు, ముద్ద. తర్వాత ఘంటసాల పాడిన పాత మోనో పాట (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) ఒకటి పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య ఒక్క బిందువులో నిలవాలి. ఎక్కడుందో తెలియకుండా గది నిండా పరుచుకుని, బేస్ కూడా పలచబడితే ముందు వైర్లు చూడండి. ఒక పక్క ఎరుపు, నలుపు తారుమారై ఉంటాయి. వైర్ల దగ్గర ఖర్చు వద్దు. 5 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ సరిపోతుంది.

ఇంత చేసినా అసలు తీర్పు మీ హాలుదే. 565ని గది కొలత అడుగులతో భాగిస్తే ఆ గదిలో ఏ స్వరం ఉబ్బుతుందో హెర్ట్జ్‌లలో వస్తుంది. 16 అడుగుల పొడవుకు 35, 11 అడుగుల వెడల్పుకు 51, 10 అడుగుల ఎత్తుకు 56. చివరి రెండూ దగ్గర దగ్గరగా పడ్డాయి కాబట్టి ఆ స్వరాల దగ్గర బేస్ గుంయ్‌మంటుంది. ఇలాంటి అపార్ట్‌మెంట్ హాల్లో రెండు 8 అంగుళాల వూఫర్లు (బేస్ పలికే పెద్ద కోన్‌లు) ఉన్న జత కంటే 6.5 అంగుళాల వూఫర్ల జతే నయమని మా అభిప్రాయం. పెట్టెలోని గాలి రంధ్రం ముందున్నా వెనకున్నా గోడ దగ్గరైతే బేస్ పెరుగుతుంది. వెనకున్న వాటికి గాలి ఆడే చోటు కూడా కావాలి. గోడకు 2 అడుగులు వదలలేకపోతే పెట్టెతో వచ్చే స్పాంజి బిరడా రంధ్రంలో పెట్టి చూడండి. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న ఇంట్లో ట్వీటర్ శబ్దం చెవిని గీరుతుంది. ముందు ఒక మందపాటి జంపఖానా పరచండి, స్పీకర్ మార్చే ఆలోచన తర్వాత.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఏ షాపువాళ్లూ చెప్పరు. జాలీ తీయించి వూఫర్ కోన్ చుట్టూ ఉన్న వలయం చూడండి. రబ్బరైతే నున్నగా ఉంటుంది. ఫోమ్ అయితే సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. చెన్నై ఉక్కకు ఫోమ్ కొన్నేళ్లకే మెత్తబడుతుంది. వేలితో తాకితే బంకలా అంటుకుని పొడిపొడిగా రాలుతుంది. ఇక కోన్ పట్టు తప్పి కాయిల్ రాసుకుంటుంది. రెండు జతల మధ్య ఎటూ తేలకపోతే మేం రబ్బరు వలయం ఉన్నదే తీసుకోమంటాం. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రపు పక్క ఇళ్లలో వెనక టెర్మినళ్లకు (వైర్లు బిగించే చోట్లకు) చిలుము పడుతుంది, ఏడాదికోసారి వైరు కొస కత్తిరించి కొత్తగా బిగించాలి. పెట్టె నేలకు ఆనకూడదు. రోజూ తడిగుడ్డ పెట్టే నీటికి ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) అడుగు అంచు ఉబ్బి, పై పొర లేచిపోతుంది.

షాపుల యజమానులను మేం అడిగేది మూడే. ధర చీటీ మీద డెసిబెల్లతో పాటు ఎన్ని ఓములో, వలయం రబ్బరో ఫోమో రాయండి. వాల్యూమ్ సమానం చేసి వినిపించండి. అడ్వాన్సు తీసుకునైనా సరే, రెండు జతలనూ రెండు రోజులు కొనేవాళ్ల హాల్లో ఉంచండి.

– స్పీకర్ల మరమ్మతు చేసే కొందరు పాఠకులు,
చెన్నై