తొమ్మిదో ప్రశ్నకు జవాబు ఎవరు చదివారు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం కాలేజీ పిల్లల డిప్రెషన్ మీద మీరు వేసిన వార్త చూసినప్పటి నుంచీ రాద్దామనుకుంటూనే ఉన్నాను. అంత లావు అక్షరాల శీర్షిక చూసి గుండె జారిపోయింది. తీరా లోపల చదివితే ఏ డాక్టరూ ఎవరినీ చూడలేదు. పిల్లల చేత ఫారాలు నింపించి, మార్కులు కూడి, పది దాటిన వాళ్ళందరినీ రోగుల లెక్కలో వేసేశారు!

ఆ ఫారం పీహెచ్‌క్యూ-9. 2001 నుంచీ వాడుకలో ఉన్నదే, మంచిదే. నిద్ర, ఆకలి, నీరసం, దిగులు గత రెండు వారాల్లో ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 వస్తే డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలని అర్థం. జబ్బు తేలిపోయిందని కాదు. థైరాయిడ్ తేడా చేసినా, ఇంట్లో ఎవరైనా పోయినా, పరీక్షల టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా మార్కులు పడతాయి.

వెయ్యి మందిలో వంద మందికి నిజంగా జబ్బు ఉందనుకోండి. జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 85 మందిని ఈ ఫారం పట్టుకుని, జబ్బు లేనివాళ్ళలో నూటికి 85 మందిని వదిలేస్తుందనుకున్నా, చిక్కేది 85 మంది రోగులు, ఏ జబ్బూ లేని 135 మంది. ఈపాటి లెక్క మీ విలేకరికి రాదా?

నా అసలు బాధ ఇది కాదు. మా అమ్మాయి కాలేజీలోనూ ఈ ఫారం పంచారు. పైన రోల్ నంబరు రాయించి, క్లాస్ లీడర్ చేత పోగు చేయించారు. పక్కవాడు చూస్తాడని సగం మంది అన్నిటికీ సున్నాలే పెట్టారట. చచ్చిపోతే బాగుండుననిపించిందా అని అడిగే తొమ్మిదో ప్రశ్నకు మా పిల్ల మాత్రం ‘కొన్ని రోజులు’ అని టిక్ పెట్టింది. అదైనా నాకు ఎన్నాళ్ళకో మాటల మధ్య తెలిసింది. ఈలోగా కాలేజీ నుంచి ఒక్కరు పిలవలేదు, ఒక్క ఫోన్ రాలేదు. వచ్చిందల్లా పాల్గొన్నందుకు సర్టిఫికెట్, రంగుల అంచుతో.

పద్దెనిమిదేళ్ళు నిండిన వాళ్ళందరికీ ఇలా డిప్రెషన్ పరీక్ష చేయమని 2016లో చెప్పిన అమెరికా నిపుణుల సంఘం కూడా రోగ నిర్ధారణకూ, చికిత్సకూ, ఆ తర్వాత కనిపెట్టి ఉండడానికీ ఏర్పాట్లు ఉండాలంది. కెనడా వాళ్ళయితే అందరికీ మూకుమ్మడిగా చేయొద్దని 2013లోనే అన్నారు. మనవాళ్ళకు ఫారం నింపించడమంటే ఉన్న సరదా, చదవడమంటే ఉండదు. జనాభా లెక్కైనా మనసు లెక్కైనా కట్ట కట్టి బీరువాలో పడేయడమే. ఫొటో మాత్రం మీ పేపర్లో వస్తుంది.

మీ విలేకరిని మళ్ళీ పంపి ఒక్క సంగతి కనుక్కోండి. ఆ ఫారాల్లో తొమ్మిదో ప్రశ్నకు సున్నా పెట్టని పిల్లలు ఎంతమంది, వాళ్ళలో ఎంతమందితో ఎవరైనా మాట్లాడారు?

దయచేసి నా పేరు వేయకండి. అమ్మాయి ఇంకా అక్కడే చదువుతోంది.

— ఒక తల్లి